జార్జియా వెళ్లాం, కుక్కల్ని చూసొచ్చాం

ముందు నా సంగతి చెప్పాలి. నాకు కుక్కలంటే భయం. తొమ్మిదేళ్లప్పుడు హనుమకొండలో ట్యూషన్ నుంచి వస్తుంటే ఒకటి పిక్క పట్టుకుంది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు, రోజుకొకటి. మా నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని రోజూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవాడు. నేను దారి పొడుగునా ఏడ్చేదాన్ని. ఆ పాతరకం మందు తయారీ మన దేశంలో 2004 చివర్లో గానీ ఆగలేదట. నా బొడ్డు మాత్రం ఇంకా మర్చిపోలేదు.

అలాంటి నన్ను మా చెల్లెలి కూతురు జార్జియా రమ్మంది. అమెరికాలో ఉన్న జార్జియా కాదు, నల్లసముద్రం పక్కన, కాకసస్ కొండల కింద ఉన్న దేశం. అక్కడ త్బిలిసీలో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతోంది. తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. "ఇక్కడ వీధికో నాలుగు కుక్కలుంటాయి పెద్దమ్మా, కానీ ఏమీ అనవు" అని ముందే చెప్పింది. "కుక్కలు ఎక్కడైనా ఏమీ అనవే, కరుస్తాయి అంతే" అన్నాను. మావారికి కుక్కలంటే ప్రాణం. టికెట్లు ఆయనే తీశారు.

సెప్టెంబర్ చివరి వారంలో బయల్దేరి 16 రోజులు తిరిగాం. శంషాబాద్ నుంచి షార్జా, అక్కడ ఐదు గంటలు కూర్చుని త్బిలిసీ. వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చింది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గల్ఫ్ రెసిడెన్సీ గానీ ఉంటే ఆ తిప్పలు కూడా లేవు, అయినా బయల్దేరే ముందు ఓసారి నిబంధనలు చూసుకోండి. దిగాక కౌంటర్ దగ్గర రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో డబ్బెంత అన్నీ అడిగారు. కాగితాలు ప్రింట్ తీసి పెట్టుకోవడం మంచిదైంది. అక్కడి డబ్బు పేరు లారీ. మేం వెళ్లినప్పుడు ఒక లారీ మనకు దాదాపు 32 రూపాయలు. "రెండు లారీలు పట్టుకుపోయి ఒక రొట్టె తెచ్చాను" అని మావారు వేసిన జోకు 16 రోజులూ విన్నాను.

పిల్ల ఉండేది సబుర్తాలో అనే పేటలో. సోవియట్ కాలం నాటి తొమ్మిదంతస్తుల బిల్డింగ్, బయట పెచ్చులూడిన గోడలు, లోపల వెచ్చటి గదులు. మేం చేరేసరికి తెల్లవారుజాము. టాక్సీ దిగి సూట్‌కేసు లాగుతుంటే మెట్ల గుమ్మానికి అడ్డంగా ఏదో పడుకుని ఉంది. దూడ అనుకున్నాను. తల ఎత్తింది. కుక్క. మన వీధి కుక్కకి రెండింతలు ఉంటుంది, ఒళ్లంతా దట్టమైన బొచ్చు, వేయించిన కందిపప్పు రంగు. ఎడమ చెవికి పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద నంబరు.

నేను టాక్సీలోకి తిరిగి ఎక్కేశాను.

"దాని పేరు కందిపొడి పెద్దమ్మా. మేమే పెట్టాం" అంది పిల్ల. పై అంతస్తులో ఉండే ముసలావిడ ఇంకేదో పేరుతో పిలుస్తుందట, కింద మందుల షాపు వాళ్లది ఇంకో పేరు. ఎవరు పిలిచినా వస్తుంది. నాకోసం పిల్ల దాన్ని పక్కకి రమ్మంటే బద్ధకంగా లేచి, ఒళ్లు విరుచుకుని, రెండడుగులు అవతల మళ్లీ పడుకుంది. లిఫ్టు దగ్గరికి వెళ్తే అదో వింత. లోపల చిన్న డబ్బా, అందులో చిల్లర వేస్తేనే కదులుతుంది. మనకు పైసల్లాగా వాళ్లకు తెత్రీలు. ఎక్కినప్పుడల్లా చిల్లర వెతుక్కోవాలి. పర్సులో పావలా లేక ఐదంతస్తులు ఎక్కిన రోజులు రెండున్నాయి.

పిల్లల ఫ్లాటులో మాకు చోటు లేక సొలొలాకిలో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. అది పాతూరు. చెక్క నగిషీ బాల్కనీలు, మధ్యలో ఉమ్మడి వాకిలి, పైన ద్రాక్ష పందిరి. వాకిట్లో తీగల మీద బట్టలు ఆరేసి, ఎదురు బాల్కనీ ఆవిడతో కేకలేసి మాట్లాడుకునే తీరు చూస్తే నాకు మా అమ్మమ్మ వాళ్ల వాడకట్టు గుర్తొచ్చింది. ఇంటావిడ మంచిది, పొద్దున్నే ద్రాక్షపళ్లు, జున్ను, తేనె పెట్టేది. లోట్లు కూడా చెప్పాలి. మూడంతస్తులు, మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు లేదు. వేడినీళ్లు ఒకరు స్నానం చేశాక ఇంకొకరు అరగంట ఆగాలి. రాళ్లు పరిచిన వీధులు అందంగా ఉంటాయి కానీ పైన బాల్కనీలు చూస్తూ నడిస్తే కింద కుక్క పెంట తొక్కుతారు. నేను రెండుసార్లు తొక్కాను. కుక్కల్ని మెచ్చుకుంటూ రాసేవాళ్లెవరూ ఈ ముక్క రాయరెందుకో. రాత్రి రెండింటికి కొండ మీది నరికాలా కోట వైపు ఒకటి మొదలుపెడితే ఊరంతా అందుకుంటుంది. నిద్ర తేలికైన వాళ్లు వాకిలి వైపు గది అడగండి.

రుస్తావేలి అని త్బిలిసీలో పెద్ద వీధి. పార్లమెంటు, ఒపేరా, థియేటర్లు అన్నీ దాని మీదే. రోడ్డు దాటడానికి కింద సొరంగాలుంటాయి, అందులో సాక్సులు, గొడుగులు అమ్మే చిన్న కొట్లు. ఆ సొరంగం మెట్ల దగ్గర, జనం నడిచే దారికి సరిగ్గా మధ్యలో కుక్కలు పడుకుని ఉంటాయి. నేను ఆశ్చర్యపోయింది కుక్కల్ని చూసి కాదు, జనాన్ని చూసి. సూటు వేసుకున్నాయన ఫోన్ మాట్లాడుతూనే చుట్టూ తిరిగి వెళ్లాడు. పిల్లల బండి తోసుకొచ్చే తల్లి బండిని పక్కకి తిప్పింది. ఎవరూ కాలు ఎత్తలేదు, రాయి తీయలేదు, "హచా" అనలేదు. కుక్క కూడా కన్ను తెరవలేదు. మా వీధి కుక్క మనిషి వంగితే చాలు, రాయికే వంగాడనుకుని పరుగెడుతుంది. ఇక్కడ నేను చెప్పు సర్దుకోవడానికి వంగితే ఒకటి దగ్గరికొచ్చి మొహం వాసన చూసింది. ఆ క్షణం నా గుండె ఆగినంత పనైంది, మావారు ఫోటో తీశారు. ఆ ఫోటో డిలీట్ చేయమని ఎన్నిసార్లు చెప్పినా చేయలేదు.

ఆ బిళ్ల సంగతి పిల్ల చెప్పింది. మున్సిపాలిటీ వాళ్లు కుక్కని పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి నంబరు బిళ్ల తగిలించి, పట్టుకున్న చోటే వదిలేస్తారు. మావారు దాన్ని కుక్కల ఆధార్ కార్డు అన్నారు. మన దగ్గర పద్ధతి కూడా ఇదే, రూల్సు 2001 నుంచీ ఉన్నాయి. బిళ్లకు బదులు చెవి కొసన చిన్న గాటు పెడతారు. తేడా ఏమిటంటే బిళ్ల పది గజాల నుంచి కనిపిస్తుంది, గాటు కనిపించాలంటే కుక్క దగ్గరికి వెళ్లాలి. నాలాంటిది దగ్గరికి వెళ్లదు కదా. నాలుగో రోజుకి నేను చేస్తున్న పని నాకే తెలిసింది: కుక్క కనబడగానే పళ్ల వైపు కాకుండా చెవి వైపు చూస్తున్నాను. పసుపు కనబడితే నా నడక మారడం లేదు.

డాక్టర్ కాబోయే మా పిల్ల ఆ ధైర్యాన్ని కూడా సగం తీసేసింది. "బిళ్ల ఉందంటే ఒకసారి టీకా పడిందని అర్థం పెద్దమ్మా, ఈ ఏడు పడిందని కాదు. ఇక్కడ రేబిస్ లేకపోలేదు. కరిస్తే ముందు పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడుక్కో, తర్వాత ఏడువు, తర్వాత ఆసుపత్రికి పద" అంది. మేమిద్దరం బయల్దేరే ముందే టీకా వేయించుకున్నాం, ఇప్పుడు చేతికే వేస్తారు, బొడ్డు జోలికి పోరు. మీరు తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్సులో కుక్కకాటు వైద్యం ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. మేం అడిగితే అవతలి అమ్మాయి మూడు నిమిషాలు హోల్డ్‌లో పెట్టింది.

ఆరో రోజు కజ్‌బెగీ వెళ్లాం. ఊరి అసలు పేరు స్తెపాంత్స్‌మిండా, జనం నోట మాత్రం కజ్‌బెగీయే. దిదుబే స్టాండు నుంచి మార్ష్రూట్కాలు వెళ్తాయి, అంటే మన సెవెన్ సీటర్ ఆటోకి పెద్దన్న లాంటి వ్యాన్. నిండితే గానీ కదలదు. మా పెద్దరికం చూసి పిల్ల షేర్ టాక్సీ మాట్లాడింది. దీనికి ఖర్చు కొంచెం ఎక్కువే అయినా డ్రైవర్ దారిలో అనానురీ కోట, జిన్‌వాలి జలాశయం, గుదౌరి దాటాక 1983లో కట్టిన రష్యా, జార్జియా స్నేహ స్మారకం దగ్గర ఆపుతానని ఒప్పుకున్నాడు. అనానురీ దగ్గర పది నిమిషాలిచ్చి, పదకొండో నిమిషం నుంచి హారన్ కొట్టాడు. ఘాట్ రోడ్డులో లారీల వరసల్ని దాటేస్తుంటే మావారు కూడా కళ్లు మూసుకున్నారు. పిల్ల వెనక నుంచి "నెలా, నెలా" అని అరిచింది. జార్జియన్‌లో నెలా అంటే మెల్లగా అని. "నెల కాదు, ఇట్లా పోతే ఈ రోజే ఆఖరు" అన్నారు ఆయన. డబ్బులు మిగిలినా మిగలకపోయినా ఈ దారికి డ్రైవర్‌ని చూసి మాట్లాడుకోండి, బండిని చూసి కాదు.

ఆ దారిలోనే నా అసలు పరీక్ష జరిగింది. చలికాలం ముందు కొండల మీది గొర్రెల్ని కిందికి దింపే రోజులవి. గుదౌరి దగ్గర మంద రోడ్డు నిండా వచ్చింది, బండి ఆగింది. ఫోటో కోసం దిగాం. మందకి అటు పక్క ఒక కుక్క. చెవికి బిళ్ల లేదు, అసలు చెవులే లేవు, మొదలంటా కోసేసి ఉన్నాయి. తోడేలు పట్టుకోవడానికి చెవి దొరక్కుండా చిన్నప్పుడే కోసేస్తారట. నా నడుము ఎత్తు ఉంది. మొరగలేదు. తల కిందికి వంచి, మమ్మల్నే చూస్తూ, మంద చుట్టూ తిరిగి మా వైపు రావడం మొదలుపెట్టింది. మొరిగే కుక్క కరవదంటారు గానీ, మొరగని కుక్క ఎదురొస్తే ఏం చేయాలో మన సామెత చెప్పలేదు.

"పరుగెత్తొద్దు. కదలొద్దు. గొర్రెల వైపు పోవద్దు" అంది పిల్ల, గొంతు తగ్గించి. నాకు పరుగెత్తే ఓపిక ఎలాగూ లేదు, కాళ్లు అక్కడే పాతుకుపోయాయి. నాలుగు గజాల దూరంలో ఆగింది. దాని ముక్కు మీద ఎండిన బురద, మెడ దగ్గర పాత గాటు, నోట్లోంచి ఆవిరి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టున్నాయి. గుర్రం మీది కాపరి ఒక్క ఈల వేశాడు. అది వెనక్కి తిరిగి, మేం అక్కడ లేనట్టే వెళ్లిపోయింది. కుక్కల ప్రేమికుడైన మావారు అప్పటికే బండిలో ఉన్నారు. ఎప్పుడెక్కారో నేను చూడలేదు. కొండల్లో నడవాలని వెళ్లేవాళ్లు గుర్తు పెట్టుకోండి: ఊళ్లో చూసిన బద్ధకపు కుక్కల ధైర్యంతో ఈ మందల దగ్గరికి పోవద్దు. అది వీధి కుక్క కాదు, డ్యూటీలో ఉన్న కుక్క. మంద కనబడితే ఆగి, కాపరికి వినబడేలా పిలిచి, దూరంగా చుట్టు తిరిగి వెళ్లాలి.

కజ్‌బెగీలో బస మాత్రం మొత్తం యాత్రలోకెల్లా మంచిది. రెండు గదుల ఇల్లు, కిటికీ తెరిస్తే ఐదు వేల మీటర్లు దాటిన కజ్‌బెక్ శిఖరం, దాని ముందు గెర్గెతీ చర్చి బొమ్మలా. హీటర్ బాగా పనిచేసింది. రాత్రి భోజనానికి లోబియానీ చేసిపెట్టింది ఇంటావిడ, అంటే రాజ్మా కూరిన రొట్టె, మన బొబ్బట్టుకి కారపు చెల్లెలు అనుకోండి. కందిపొడి, నెయ్యి వేసుకుని తిన్నాం. ఇక్కడ చెప్తున్నది పొడి గురించి, కుక్క గురించి కాదు.

గెర్గెతీ చర్చి 2,170 మీటర్ల ఎత్తులో ఉంది. కారు రోడ్డు ఉంది, అయినా మావారు నడుద్దామన్నారు. ఊరి వంతెన దగ్గర తెలుపు, గోధుమ కలిసిన కుక్క ఒకటి మాతో కలిసింది. బిళ్ల ఉంది. పిలవలేదు, ఏమీ పెట్టలేదు. ముందు నడుస్తుంది, మలుపు దగ్గర ఆగి మేం వచ్చేదాకా చూస్తుంది, నేను రాయి మీద కూర్చుంటే తనూ కూర్చుంటుంది. రెండు గంటలు పట్టింది మాకు. "ధర్మరాజు వెంట కూడా ఇట్లాగే వచ్చింది" అని మావారు మొదలుపెట్టారు. పైకి చేరాక పార్లే-జీ ప్యాకెట్ విప్పాం. బిస్కెట్లన్నీ తిన్నది. చేగోడీని ముందు అనుమానంగా చూసింది, తర్వాత అదీ వదల్లేదు. మేం తలకి చున్నీ కట్టుకుని చర్చిలోకి వెళ్లి వచ్చేసరికి ప్యాకెట్ ఖాళీ అయిన సంగతి దానికి అర్థమైనట్టుంది, వేరే గుంపుతో కిందికి దిగిపోతోంది. ధర్మరాజు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

బటూమికి రైల్లో వెళ్లాం, రెండంతస్తుల రైలు, ఐదు గంటల పైన. శుభ్రంగా ఉంది, టైముకి నడిచింది. టికెట్లు ముందే తీసుకోండి, చివరి రోజు దొరకవు. బస మాత్రం దెబ్బ కొట్టింది. 20 అంతస్తుల పైన సముద్రం కనిపించే అపార్ట్‌మెంట్ అన్నారు. బాల్కనీలో ఎడమ చివర నిలబడి మెడ చాపితే రెండు బిల్డింగుల సందులోంచి జానెడు నీలం కనిపించింది. లిఫ్టు కోసం పావుగంట లైను. తాళం డబ్బా నంబరు మెసేజ్‌లో పంపారు, తలుపు తీసే మనిషి ఉండడు, అడగడానికి ఎవరూ ఉండరు. పాత ఇంట్లో వేడినీళ్లు రాకపోతే తిట్టుకోవడానికైనా ఒక ఆంటీ ఉండేది.

బటూమి కుక్కల్లో కుపాతా అని ఒకటి 2020లో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. చిన్నపిల్లలు వరసగా రోడ్డు దాటుతుంటే జీబ్రా గీతల మీద నిలబడి, ఆగని కార్ల మీద మొరుగుతున్న వీడియో మీరూ చూసే ఉంటారు. కుపాతీ అంటే అక్కడి మసాలా సాసేజ్, ఆ పేరే కుక్కకి. మా పిల్లలు కందిపొడి అని పెట్టింది ఇది తెలిశాకో తెలియకముందో అడగలేదు. మేం అలాంటి వీరుణ్ని చూడలేదు గానీ, సముద్రం ఒడ్డు బులెవార్డులో ఒక నల్ల కుక్క సిగ్నల్ దగ్గర జనంతో పాటు ఆగి, జనంతో పాటే దాటింది. లైటు చూసి కాదు, మనుషుల కాళ్లు చూసి. మా వరంగల్ చౌరస్తాలో మనుషుల కాళ్లు చూసి నేర్చుకుంటే దాని గతేం కాను.

బటూమికి కూతవేటులో సర్పి, అక్కడి నుంచి టర్కీ. ఆ దేశంలో కూడా చెవి బిళ్లలే, వదిలేయడమే చాలా ఏళ్లు నడిచింది. ఇప్పుడు కాదు. 2024 జులైలో చట్టం మార్చి, వీధి కుక్కల్ని పట్టుకుని షెల్టర్లలో పెట్టమన్నారు. అక్కడ వాటి సంఖ్య 40 లక్షల దాకా ఉందని అంచనా, అన్నింటికీ చోటెక్కడ అని గొడవలయ్యాయి. మన సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కల్ని షెల్టర్లకి తరలించమని ఒక వారం, టీకా వేసి తెచ్చిన చోటే వదలమని ఇంకో వారం చెప్పింది. బీచ్ గులకరాళ్ల మీద కూర్చుని మేమిద్దరం దీని మీదే వాదించుకున్నాం. పిల్లల్ని కరిచి చంపిన కుక్కల వార్తలు చదివిన ఊరి నుంచి వచ్చాం మేం. అలా బిడ్డని పోగొట్టుకున్న తల్లికి వెళ్లి చెవి బిళ్ల కథ చెప్పలేను. అలాగని ఏ షెల్టర్ లోపల ఎలా ఉంటుందో చూడకుండా లోపలికి తోసేయమనీ అనలేను. వాదన తెగలేదు, ఆకలేసి లేచాం.

తిండి మాట ఒకటి. శాకాహారులు భయపడక్కర్లేదు. వంకాయలో అక్రోట్ ముద్ద చుట్టి, పైన దానిమ్మ గింజలు చల్లే బద్రిజానీ తింటే గుత్తి వంకాయ కూడా ఒక్క క్షణం ఆలోచిస్తుంది. పడవలా ఉండే అజారులీ ఖాచాపురీ అనే జున్ను రొట్టెలో పచ్చి గుడ్డు కొట్టిపోస్తారు, వద్దంటే ముందే చెప్పాలి. రొట్టె మాత్రం రెస్టారెంట్లో వద్దు, వీధి బట్టీలో కొనండి. నేలలో దింపిన గుండ్రటి మట్టి పొయ్యి, దాన్ని తోనే అంటారు. రొట్టె వేసే ఆయన సగం నడుము లోపలికి వంగి, పిండిని గోడకి చరుస్తాడు. సబుర్తాలోలో మేం రోజూ వెళ్లే బట్టీ దగ్గర సాయంత్రం కందిపొడి కూర్చునేది. బట్టీ ఆయన మాడిన కొసల్ని విరిచి కిటికీలోంచి విసిరేవాడు. గాల్లోనే పట్టేది. ఒక రోజు నా చేతిలోని రొట్టె కొస విరిచాను. విసరడం చేతకాక నా కాళ్ల ముందే పడింది. వచ్చి తిని, నా చెప్పుల వాసన చూసి, వెళ్లి తన చోట కూర్చుంది. అంతకుమించి మా మధ్య ఏమీ జరగలేదు.

ఆఖరి రాత్రి ఫ్లైటు తెల్లవారుజామున. అక్కడ మన వైపు వచ్చేవన్నీ దాదాపు అట్లాంటి వేళలే, హోటల్‌కి ఒక రాత్రి డబ్బు దండగ చేసుకోకుండా చూసుకోండి. సామాను పిల్లల ఫ్లాటులోనే పెట్టి రెండున్నరకి దిగాం. లిఫ్టుకి చిల్లర దాచి ఉంచాను. గుమ్మం దగ్గర కందిపొడి అడ్డంగా పడుకుని ఉంది. ఈసారి దాన్ని లేపమనలేదు, సూట్‌కేసు ఎత్తి పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాను. మావారు వంగి తల నిమిరారు. పిల్ల ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

టాక్సీ కదలగానే అది లేచింది. చక్రం పక్కనే పరుగెడుతూ మొరగడం మొదలుపెట్టింది, ఊళ్లో కుక్కలన్నింటికీ ఈ కార్ల పిచ్చి ఒకటుంది. డ్రైవర్ విసుక్కుని యాక్సిలరేటర్ తొక్కబోయాడు. నేను సీటు మీద చెయ్యేసి అరిచాను, "నెలా, నెలా!"